ఏడాదికి నాలుగు ఉదయాలు

"నీ రైఫిల్ ఎటూ ఊరికే పడుంటోంది కదా నోరీ. దాన్ని షాపులో ఇచ్చేద్దాం," అన్నాడు వెండెల్.

అప్పుడు నోరీన్ ఆరిన బట్టల గంపలోంచి మేజోళ్ళు తీసి జతలు కలుపుతోంది. వెండెల్ మేజోళ్ళన్నీ బూడిదరంగువే. కానీ ఒక్కోటి ఒక్కో ఏడాది కొన్నది, ఒక్కో మేర సాగిపోయింది. ఏది దేనికి జతో ఆ ఇంట్లో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. "ఊరికే పడుంటోంది" అన్న మాట దగ్గర ఆమె చెయ్యి కొంచెం ఆగింది. ఆ ఇంట్లో ఊరికే పడి ఉన్న వస్తువులు వరసగా కళ్ళముందు కదిలాయి. గరాజులో వెండెల్ ఐదు చేపల గాలాలు, రెండేళ్ళుగా స్టార్టు కాని మంచు మీద నడిపే బండి, ఎప్పుడో బాగుచేస్తానని విప్పదీసిన పడవ ఇంజను. అవేవీ ఆమె పైకి అనలేదు. మేజోడును దాని జతలోకి మడిచి గంప అంచున పెట్టింది.

వెండెల్‌ది చెడ్డ బుద్ధి కాదు. పైగా ఆ వారమంతా అతను కొత్త పెళ్ళికొడుకులా ఉన్నాడు. ఊరి చివర రైలు పట్టాల పక్కనున్న గోధుమల గోదాములో ముప్ఫై ఎనిమిదేళ్ళు పనిచేసి, ఆగస్టు ఆఖరున మానేశాడు. మానేసినందుకు తనకు తానే ఒక బహుమతి కొనుక్కుందామనుకున్నాడు. చాలా దూరం నుంచి గురితప్పకుండా కొట్టే కొత్త రైఫిల్. తుపాకుల షాపు ఎల్డన్, పాతది ఏదైనా ఇస్తే దాని విలువ తగ్గించి ఇస్తానన్నాడు. పాతది ఏదైనా అనగానే వెండెల్ ఇనప బీరువా తెరిచి తన మూడు తుపాకులూ తీసి చూసుకున్నాడు. మూడింట్లో ఒక్కటీ అతని కంటికి పాతదిగా కనిపించలేదు.

"నువ్వు ఆరేళ్ళయి ఒక్క దుప్పినీ కొట్టలేదు కదా," అన్నాడు మళ్ళీ, జాలిగా. "కళ్ళు కూడా మునుపటిలా ఉండవు. మనం పెద్దవాళ్ళమైపోతున్నాం."

"నువ్వెందుకు అవుతున్నావు? నువ్వు కొత్త తుపాకీ కొంటున్నావుగా," అంది నోరీన్.

వెండెల్ గట్టిగా నవ్వాడు. కిటికీ దగ్గర వాలుకుర్చీలో కూర్చున్న అతని తల్లి ఆర్లిస్ కూడా, వాళ్ళవైపు చూడకుండానే నవ్వింది.

ఆ రైఫిల్ పెళ్ళయిన మొదటి ఏడాది నోరీన్ పుట్టినరోజుకు వెండెల్ ఇచ్చినదే. ఆమె చెవులకు పెట్టుకునేదేదైనా ఇస్తాడనుకుంది. పొడుగాటి అట్టపెట్టె విప్పేసరికి రైఫిల్ కనబడింది. "ఇంటికి రెండు వేట లైసెన్సులుంటే రెట్టింపు మాంసం, చలికాలమంతా ఇబ్బంది ఉండదు," అన్నాడు ఆనందంగా. ఆర్లిస్ అప్పుడు యాభైల్లో ఉంది, నోరు ఇప్పటికంటే పదును. "పెళ్ళాం చేతికి తుపాకీ ఇచ్చావు, మరి గరిటె ఎవరికిస్తావురా?" అంది. గరిటె ఎవరికీ ఇవ్వలేదు. తుపాకీ వచ్చింది, గరిటె కూడా ఉండిపోయింది. దుప్పిని కొట్టడం నోరీన్ పనే అయింది. దాని కడుపు చీరి శుభ్రం చేయడం, చర్మం తీయడం, ముక్కలు కోయడం, సాసేజీకి మర పట్టడం, తెల్ల కాగితంలో చుట్టి పేరూ తేదీ రాసి ఫ్రీజర్‌లో సర్దడం కూడా ఆమె పనే అయింది. వెండెల్ కొట్టినవి కూడా ఆమె కోసే బల్ల మీదికే వచ్చేవి. కొమ్ములు మాత్రం హాల్లో గోడకెక్కేవి. చుట్టాలొచ్చినప్పుడు వెండెల్ ఒక్కో కొమ్మూ చూపిస్తూ దాని కథ చెబుతుంటే, నోరీన్ ఆ దుప్పి మాంసమే గిన్నెల్లో వడ్డిస్తూ ఉండేది. కథలో ఆమె ఉండేది కాదు.

కానీ ఇంకోటి కూడా ఉంది. రైఫిల్ ఇచ్చిన మర్నాడు ఆమె దాన్ని భుజానికి ఆనించబోతే వేలు మీటకు అందలేదు. ఆమెవి కురచ చేతులు. వెండెల్ ఆమె మోచేతి మడత నుంచి వేలికొస దాకా కుట్టుపని టేపుతో కొలిచాడు, మూడుసార్లు. ఒక ఆదివారమంతా కొట్టంలో కూర్చుని, భుజానికి ఆనించే చెక్కను అంగుళన్నర కోసి, ఉప్పుకాగితంతో రుద్ది నూనె పట్టించాడు. సాయంత్రం ఆమె చేతికిచ్చి, "ఇప్పుడు చూడు," అన్నాడు. వేలు సరిగ్గా మీట మీదికి వచ్చింది. చెంప చెక్కకు ఆనింది. అంతకుముందు గానీ ఆ తరువాత గానీ, ఆ ఇంట్లో ఏ వస్తువునూ ఎవరూ ఆమె కొలతకు తగ్గట్టు చేయలేదు. వంటింటి అలమరలు ఆర్లిస్ ఎత్తుకు కట్టినవి. వేటకు వేసుకునే బూట్లు కూడా కొడుక్కి చిన్నవైపోయినవి. ముందువైపు మేజోడు కుక్కి వేసుకునేది.

శనివారం ఇద్దరూ ఎల్డన్ షాపుకు వెళ్ళారు. రైఫిల్ సంచీ నోరీన్ భుజానే ఉంది. అయినా ఎల్డన్, "ఏం తెచ్చావు వెండెల్?" అని అడిగాడు. నోరీన్ సంచీ విప్పి కౌంటరు మీద పెట్టింది. ఎల్డన్ దాన్ని తిప్పి చూశాడు. గొట్టంలోకి దీపం వేసి చూశాడు.

"మీ ఆవిడ పెద్దగా వాడినట్టు లేదే. కొత్తదానిలా ఉంది," అన్నాడు వెండెల్‌తో.

"వాడాను. తుడిచి పెట్టుకున్నాను," అంది నోరీన్.

"చూశావా, ఎంత బాగా చూసుకుందో," అన్నాడు ఎల్డన్, మళ్ళీ వెండెల్‌తోనే. నోరీన్‌కు బడి గుర్తొచ్చింది. ఆమె ఇరవై రెండేళ్ళుగా బడి వంటగదిలో పనిచేస్తోంది. ప్రతి మే నెలలోనూ హెడ్మాస్టరు వేదికెక్కి "మన వంటింటి అమ్మాయిలు లేకపోతే ఈ బడే లేదు" అని చప్పట్లు కొట్టిస్తాడు. ఆ అమ్మాయిల్లో పెద్దమ్మాయికి ఇప్పుడు యాభై ఎనిమిది. చప్పట్లయ్యాక కుర్చీలు మడిచి గోడకు చేర్చేది కూడా ఆ అమ్మాయిలే.

ఎల్డన్ రైఫిల్‌ను తన భుజానికి ఆనించి చూసుకుని మొహం చిట్లించాడు. "అరే, దీని చెక్క ఎవరో కోసిపారేశారే. పాడుచేశారు. పొడుగు మనిషికి ఇది పనికిరాదు. కొంటే ఆడవాళ్ళో, పిల్లలో. రెండువందల డాలర్లు ఇస్తాను, అదీ నీ మొహం చూసి. బయట అమ్మితే ఇంకా ఎక్కువే రావచ్చు, కాదనను. కానీ ఎవడొస్తాడో, ఎలాంటివాడో, ఆ తలనొప్పంతా మీకెందుకు? నాకిచ్చేస్తే కాగితాలూ గట్రా అన్నీ నేనే చూసుకుంటాను."

నోరీన్ వెండెల్ వైపు చూసింది. అతని చెవులు కొసల దాకా ఎర్రబడ్డాయి. నేనే కోశానని అతను అనలేదు. గోడకు వేలాడుతున్న కొత్త రైఫిల్ వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆమె మనసు అతనివైపు ఒరిగింది. కౌంటరు మీది రైఫిల్‌ను తీసి సంచీలో పెట్టి జిప్పు లాగింది.

"ఆలోచించుకుని చెబుతాం," అంది.

పికప్ బండిలో ఇంటికి బయల్దేరారు. కోసిన గోధుమ చేలు రోడ్డుకు రెండువైపులా బంగారు రంగు పోయి మోళ్ళతో పడి ఉన్నాయి. ఊరు దగ్గరికొస్తుంటే వెండెల్ గొంతు సవరించుకున్నాడు.

"బాగానే కోశాను కదా నోరీ?"

"బాగానే కోశావు."

"వంకర లేదుగా?"

"నూలు పట్టి కోసినట్టుంది. వాడికేం తెలుసు," అంది నోరీన్. వెండెల్ ఒక చేత్తో బండి నడుపుతూ రెండో చేత్తో ఆమె మోకాలు తట్టాడు. అలా షాపులో ఇచ్చే సంగతి ముగిసిపోయింది. ఇక బయట అమ్మడమే అనుకున్నారు. అసలు అమ్మాలా వద్దా అని మాత్రం ఎవరూ అడగలేదు. నోరీన్ కూడా తనను తాను ప్రశ్నించుకోలేదు.

మర్నాడు ఆదివారం. ఆదివారాలు ఆర్లిస్‌కు తలంటే రోజు. ఎనభై నాలుగేళ్ళ మనిషి స్నానాల తొట్టిలో వంగలేదు. అందుకని వంటింటి సింకు ముందు కుర్చీ వేసి, మెడ కింద తువ్వాలు చుట్టి, తల వెనక్కి వాల్చి నోరీన్ తలంటుతుంది. తడిస్తే ఆర్లిస్ జుట్టు పిడికెడు కూడా ఉండదు. కింద తల గులాబీరంగులో కనిపిస్తుంది. ఈ తల మీదే ఒకప్పుడు తనకు ఎంత కోపం ఉండేదో నోరీన్‌కు తెలుసు. పెళ్ళయిన కొత్తలో ఆమె చేసిన రొట్టెలు చూసి "కుక్కలకి వేస్తే పళ్ళు గట్టిపడతాయి" అన్న తల ఇదే. నోరీన్‌కు బిడ్డ పుట్టి జ్వరమొచ్చినప్పుడు పదకొండు రోజులు మంచం పక్కన కుర్చీలోనే నిద్రపోయింది కూడా ఇదే. కోపం ఏ ఏడాది పోయిందో చెప్పమంటే చెప్పలేదు. వేళ్ళ కింద ఆ తల ఇప్పుడు పసిబిడ్డ తలలా ఉంటుంది.

"రైఫిల్ అమ్మేస్తున్నావట," అంది ఆర్లిస్, కళ్ళు మూసుకునే.

"అమ్మేద్దామనుకుంటున్నాను అత్తయ్యా. నీళ్ళు వేడెక్కువయ్యాయా?"

"సరిపోయాయి. మరి నీ కొండ?"

నోరీన్ చేతులు ఆగలేదు కానీ నెమ్మదించాయి. "కొండకేమైంది?"

"తుపాకీ లేకపోతే కొండకెలా వెళతావు? నువ్వు అక్కడికెళ్ళి ఏం చేస్తావో నాకు తెలుసులే."

"ఏం చేస్తాను?"

"ఏమీ చెయ్యవు," అంది ఆర్లిస్.

నోరీన్‌కు నవ్వొచ్చింది. నిజమే. ఆరేళ్ళ క్రితం, వేట మొదలైన శనివారం పొద్దున్న, కొండ మీద ఇసకరాయి వెనక ఆమె కూర్చుని ఉండగా ఒక ఆడదుప్పి ఎదురుగా వచ్చి పక్కకు తిరిగి నిలబడింది. అంత తేలికైన గురి మళ్ళీ దొరకదు. చెక్క చెంపకు ఆనింది, వేలు మీట మీదికి వెళ్ళింది. అప్పుడు ఆమెకు దుప్పి మీద జాలి కలగలేదు. ఇది పడితే నాకు మూడు రోజుల పని, అనిపించింది. కడుపు చీరాలి, కిందకి ఈడ్చాలి, వేలాడగట్టాలి, కోయాలి, మర కడగాలి, కాగితాలు చుట్టాలి. సోమవారం తెల్లారేసరికి మళ్ళీ బడిలో నూట నలభై మంది పిల్లలకు గంజి కలపాలి. వేలు తీసేసింది. దుప్పి ఇంకాసేపు గడ్డి మేసి, తొందరేమీ లేకుండా వెళ్ళిపోయింది. నోరీన్ అక్కడే కూర్చుంది. ఎవరూ ఆమెను ఏదీ ఎక్కడుందని అడగలేదు. దూరంగా గోధుమల రైలు చీమలబారులా పాకుతూ పోయింది. బాతుల గుంపొకటి తలమీదుగా అరుస్తూ దక్షిణానికి వెళ్ళింది. మధ్యాహ్నం దాకా కూర్చుని ఇంటికొచ్చి "ఏమీ కనపడలేదు" అంది. మర్నాడూ అంతే. తరువాతి శని, ఆదివారాలూ అంతే. ఆ నాలుగు ఉదయాలు గడిచాక, ఆ ఏడాది చలికాలం ఎందుకో తేలిగ్గా పోయింది. అప్పటినుంచీ ప్రతి ఏడాదీ ఆ నాలుగు ఉదయాల కోసమే లైసెన్సు కొనేది. రైఫిల్ తుడిచేది. భుజాన వేసుకుని వెళ్ళి, ఒడిలో పెట్టుకుని కూర్చునేది.

"మీకెలా తెలుసు?" అని అడిగింది.

"వేట నుంచి వచ్చినవాళ్ళ మొహం నేను చూడలేదా? మీ మామగారు దుప్పి దొరక్కపోతే రెండు రోజులు కుండలు పగలగొట్టినంత పని చేసేవాడు. నువ్వేమో ఏమీ దొరకలేదంటూ పాటపాడుకుంటూ వస్తావు." ఆర్లిస్ ఒక కన్ను తెరిచింది. "నేను అడవి చెర్రీలకు వెళ్ళేదాన్ని. మన కొట్టం వెనకే గుబురుగా కాసేవి. వాటిని వదిలేసి, వాగు దాకా రెండు మైళ్ళు నడిచేదాన్ని. ఒక్క బకెట్ నింపడానికి పూటంతా పట్టేది. ఎందుకింత ఆలస్యమైందని మీ మామగారు అడిగితే, ఈ ఏడు కాపు తక్కువనేదాన్ని. పదిహేడేళ్ళు నా మాట నమ్మాడు పాపం."

"అక్కడ ఏం చేసేవారు?"

"చెప్పులు విప్పి నీళ్ళలో కాళ్ళు పెట్టుకునేదాన్ని. అంతే." ఆమె మళ్ళీ కన్ను మూసుకుంది. "కానీ బకెట్ లేకుండా ఒక్కసారి కూడా వెళ్ళలేదు. పనీపాటా లేకుండా ఆడది వాగొడ్డున కూర్చుందంటే ఊళ్ళో ఏమనుకుంటారు? పిచ్చెక్కిందంటారు. బకెట్ ఉంటే ఎవరూ ఏమీ అనరు. నీళ్ళు చల్లారిపోతున్నాయే, తొందరగా కానీ."

నోరీన్ నురగ కడిగి, తువ్వాలుతో ఆ చిన్న తలను చుట్టి, కొంచెంసేపు అలాగే రెండు చేతుల మధ్య పట్టుకుంది. ఆర్లిస్ వద్దనలేదు.

మరుసటి వారం నోరీన్ ఒక కార్డు ముక్క మీద రాసి పశువుల దాణా కొట్లో గోడకు గుచ్చింది. అమ్మకానికి రైఫిల్, ఒకే చేతి వాడకం, చెక్క కుదించినది, కురచ చేతులవారికి సరిపోతుంది. కింద ధర, తన పేరు, తన ఫోన్ నంబరు. వెండెల్ తన నంబరు వేయమన్నాడు, "రకరకాల వాళ్ళు చేస్తారు" అని. "చెయ్యనీ," అంది.

రెండో రోజే ఒకతను ఫోన్ చేశాడు. "మీ ఆయనకివ్వండి," అన్నాడు మొదటి మాటే. తుపాకీ తనదని చెప్పేసరికి సాయంత్రం వస్తానన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. బండి ఇంజను ఆపకుండానే దిగాడు. రైఫిల్‌ను చూడకముందే డబ్బు తీశాడు, కార్డు మీద రాసిన ధర కంటే ఎక్కువే. నోరీన్‌కు అదే నచ్చలేదు. వేటగాడు బేరమాడకుండా కొనడు. గొట్టంలోకి చూడకుండా అసలే కొనడు.

"మీ డ్రైవింగ్ లైసెన్సు ఒకసారి చూపిస్తే పేరు రాసుకుని, రసీదు రాసిస్తాను," అంది.

"ఇద్దరి మధ్య అమ్మకానికి అదంతా ఎందుకు? చట్టంలో లేదు."

"చట్టంలో లేదు. నాకుంది."

అతను నవ్వాడు. నవ్వుతూనే రైఫిల్ సంచీ పట్టీ మీద చెయ్యి వేశాడు. "చూడమ్మా, నీకు డబ్బు కావాలి, నాకు తుపాకీ కావాలి. లోపల మీ ఆయనుంటే పిలువు, మగవాళ్ళం మేం మాట్లాడుకుంటాం."

వెండెల్ లోపలే ఉన్నాడు. తెర పక్కన అతని నీడ కదలడం నోరీన్‌కు తెలుస్తూనే ఉంది. పిలిస్తే వస్తాడు. అయినా పిలవలేదు. సంచీ పట్టీని రెండు చేతులతో పట్టుకుని, లాగకుండా, వదలకుండా నిలబడింది.

"దీన్ని నేను ముప్ఫై నాలుగేళ్ళు చూసుకున్నాను. ఇది రేపు ఎక్కడ ఉంటుందో నాకు తెలియాలి. మీరు చెప్పనంటే అమ్మను. వెళ్ళండి," అంది.

అతను ఇల్లంతా ఒకసారి కలియజూశాడు. ఏదో గొణిగి, పట్టీ వదిలి, బండెక్కాడు. దుమ్ము సర్దుకునేదాకా నోరీన్ అక్కడే నిలబడింది. ఆమె వెనక తలుపు తెరుచుకుంది. వెండెల్ చేతిలో పొయ్యి కర్ర ఉంది.

"రాబోయాను," అన్నాడు. "కానీ నువ్వు పిలవలేదు కదా, అందుకని ఆగాను."

"మంచిపని చేశావు," అంది నోరీన్. మెట్ల మీద కూర్చుంది. అతనూ పక్కన కూర్చున్నాడు, పొయ్యి కర్ర మోకాళ్ళ మీద పెట్టుకుని. కాసేపటికి అది చూసుకుని ఇద్దరికీ నవ్వొచ్చింది.

ఆ తరువాతి ఆదివారం, కార్డు చూసి ట్రూడీ అనే అమ్మాయి వచ్చింది. పక్క ఊళ్ళో పశువుల డాక్టరు దగ్గర పనిచేస్తుంది. ఇరవై తొమ్మిదేళ్ళు. నోరీన్ కంటే రెండంగుళాలు పొట్టి. రైఫిల్‌ను చేతికివ్వగానే, ఎవరూ చెప్పకుండానే, ముందు అందులో తూటా లేదని చూసుకుంది. అప్పుడు కొండవైపు తిరిగి భుజానికి ఆనించింది. వేలు మీట మీదికి వచ్చింది. చాలాసేపు దింపలేదు.

"ఇప్పటిదాకా మా అన్నల తుపాకులే. ఎత్తినప్పుడల్లా దాని వెనక నేను పరిగెత్తాల్సి వచ్చేది," అంది. "ఇది నా కోసమే కోసినట్టుందండీ."

కొట్టం దగ్గర కట్టెలు పేర్చుతున్న వెండెల్‌కు అది వినపడింది. "నేనే కోశాను," అన్నాడు అక్కడినుంచే. పేరుస్తున్న కట్టెలు వదిలేసి, ఆ చెక్క ఎలా కోయాలో, ఏ నూనె పట్టించాలో చెప్పడానికి నాలుగు అడుగులు వేశాడు. నోరీన్ అతనివైపు చూసింది, కోపంగా కాదు. వెండెల్ ఆగి, కట్టెల దగ్గరికి తిరిగి వెళ్ళాడు.

"ఎందుకు కొంటున్నావమ్మా?" అని అడిగింది నోరీన్.

ట్రూడీ రైఫిల్‌ను బల్ల మీద పడుకోబెట్టింది. "మా ఆయన నుంచి విడిపోయి రెండేళ్ళు. నాకు ఏడేళ్ళ కూతురుంది. అన్నలు ప్రతి ఏడూ మాంసం ఇస్తారు. మంచివాళ్ళే. కానీ మాంసంతో పాటు ప్రతిసారీ ఒక మాట కూడా ఇస్తారు. ఈ చలికాలం మాట లేకుండా తినాలని ఉందండీ."

ట్రూడీ లైసెన్సు చూపించింది. రెండు కాగితాల మీద ఇద్దరూ సంతకాలు చేసి చెరొకటి తీసుకున్నారు. ధర విషయంలో ట్రూడీ కొంచెం బేరమాడింది, నోరీన్ కొంచెం తగ్గింది. బండి దాకా వెళ్ళి సాగనంపుతూ, "అన్నీ ఒక్కదానివే చెయ్యాలని చూడకు. కోసేటప్పుడు నాకు ఫోన్ చెయ్యి, నా బల్లా కత్తులూ ఉన్నాయి," అంది నోరీన్. ఇక అంతేననుకుని వెనక్కి తిరిగి, మళ్ళీ ఆగింది. "ఇంకోటి. ఏదైనా కొడితేనే వెళ్ళినట్టు అనుకోకు."

ట్రూడీకి అది అర్థమైందో లేదో. "అలాగేనండీ," అంది.

ఆ వారం వెండెల్ ఎల్డన్ షాపు మాట ఎత్తలేదు. నోరీనే ఎత్తింది. భోజనాల బల్ల దగ్గర, బంగాళాదుంపలు అతని కంచంలో వేస్తూ, "ఆ డబ్బు నాది వెండెల్. నీ రైఫిల్ నువ్వు కొనుక్కో," అంది. ఎన్ని రోజులుగానో మనసులో తిప్పిన మాట. చెప్పేసరికి అంత చిన్నదైపోయింది.

వెండెల్ ఫోర్కు దించాడు. అతని మొహం మీద ముందు ఆశ్చర్యం వచ్చింది. తరువాత, ఎవరో తన జేబులో చెయ్యి పెట్టినట్టు ఒక చిన్న నొప్పి కూడా వచ్చింది. అది పోయేదాకా నోరీన్ చూస్తూ ఊరుకుంది. కాదులే, తీసుకోలే అనలేదు.

"నీదే," అన్నాడు. "నిజమే, నీదే కదా. ఏం కొనుక్కుంటావు?"

"బూట్లు. నా కాలికి సరిపోయేవి."

"బూట్లెందుకు? అసలు ఈ ఏడు నువ్వు..." అని ఆగి, మొహం విప్పార్చుకున్నాడు. "నా పాతది తీసుకెళ్ళు నోరీ. నీ నాలుగు రోజులు ఎక్కడికి పోతాయి? నాది బరువే కానీ సర్దుకోవచ్చు."

"వద్దు. నేను ఊరికే వెళతాను."

"ఊరికేనా?"

"ఊరికే. కూర్చుని వస్తాను."

ఆర్లిస్ నమలడం ఆపింది. వెండెల్ భార్యను చూశాడు. ఆ చూపులో ముప్ఫై నాలుగేళ్ళున్నాయి. ఆ తరువాత అతను అన్న మాట నోరీన్ ఎదురుచూసింది కాదు.

"నీ తూటాల డబ్బాలో ఆరేళ్ళుగా అవే ఐదు ఉన్నాయి. రైఫిల్ సర్దేటప్పుడు చూసేవాణ్ణి. ఒక ఏడు ఆ పొద్దున నీ వెనకే వద్దామా అనుకున్నాను, ఒంట్లో బాగాలేదేమోనని. గేటు దాకా వచ్చాను కూడా. పైన రాయి దగ్గర నువ్వు టోపీ తీసేసి కూర్చుని ఉన్నావు. పిలవబుద్ధి కాలేదు." అతను ఫోర్కుతో బంగాళాదుంపను అటూ ఇటూ దొర్లించాడు. "అమ్మేద్దామని అన్నప్పుడు, నువ్వు వద్దంటావనుకున్నాను. నువ్వు అనలేదు. నేను అడగలేదు. అడగాల్సింది."

నోరీన్‌కు కళ్ళు చెమర్చాయి. అతను చూడకుండా లేచి వెళ్ళి, అవసరం లేకపోయినా పొయ్యి మీది గిన్నె కలిపింది. వెనక నుంచి ఆర్లిస్ గొంతు వినపడింది. "ఉప్పు ఎవరైనా ఇటు జరుపుతారా, లేక నేనే లేవాలా?" వెండెల్ లేచాడు. ఉప్పు ఎక్కడుందో తెలియక రెండు అలమరలు తెరిచాడు.

అక్టోబరు ఆఖరి శనివారం వేట మొదలైంది. తెల్లవారింది. వెండెల్ తన కొత్త రైఫిల్‌తో ఆ రోజు వెళ్ళలేదు. ఆదివారం వెళతానన్నాడు. ఆర్లిస్‌ను ఒంటరిగా వదలకూడదు, ఇద్దరిలో ఒకరుండాలి. ఆ సంగతి అతనే అన్నాడు. నోరీన్ గుమ్మం దగ్గర కూర్చుని కొత్త బూట్లకు తాళ్ళు కట్టుకుంది. ముందువైపు ఏమీ కుక్కనక్కర్లేదు. వెండెల్ వెనక నిలబడి, "నారింజరంగు చొక్కా వేసుకో. నువ్వు దుప్పివి కావని అవతలివాడికి తెలియాలి," అన్నాడు.

"వేసుకున్నాను."

"ఎన్నింటికి వస్తావు?"

నోరీన్ మామూలుగా పన్నెండుంపావు అనేది. సూప్ వేడిచేసి, ఒంటిగంటకు ఆర్లిస్‌కు మాత్రలివ్వాలి కాబట్టి. ఇప్పుడు లేచి నిలబడి, బయట గడ్డి మీద పట్టిన మంచును చూసింది.

"తెలీదు," అంది.

"సరే," అన్నాడు వెండెల్. ఆమె తలుపు తీశాక లోపలికి వెళ్ళాడు. వంటింట్లో గిన్నెలు కదిలిన చప్పుడు, ఒక సొరుగు, ఇంకో సొరుగు. "నోరీ, సూప్ వేడిచేసే చిన్న గిన్నె ఎక్కడుంటుంది?"

చెప్పడానికి అరనిమిషం పట్టదు. చెబితే మూత ఎక్కడని అడుగుతాడు, తరువాత మంట ఎంత పెట్టాలని. అందులో అతని తప్పేమీ లేదు. లోపల ఆర్లిస్, "దాన్ని పోనీరా, మనం వెతుక్కుందాం," అంటోంది. నోరీన్ తలుపును చప్పుడు కాకుండా దగ్గరికి వేసి మెట్లు దిగింది.

గేటు దాటాక ఆమెకు చేతులు ఏం చేసుకోవాలో తెలియలేదు. కాసేపు జేబుల్లో పెట్టుకుంది. కొంతదూరం పోయాక తీసేసింది. ఎదురుగా కొండ మీద ఎండ పైనుంచి కిందికి దిగుతోంది. కాఫీ ఫ్లాస్కు లేదు, కొడుకు చేరవేయమన్న కబురు లేదు, ఎవరికో ఇచ్చి రావలసిన గిన్నె లేదు. రెండు చేతులూ పక్కకు వదిలేసి, కొత్త బూట్ల కింద మంచు నలుగుతుండగా, తొందరేమీ లేకుండా ఎక్కడం మొదలుపెట్టింది. పెళ్ళయ్యాక నోరీన్ చేతిలో ఏమీ లేకుండా ఇల్లు దాటడం అదే మొదటిసారి.